సాగుభూమి కోసం కూడే ఊళ్లకు ఈజే అట్లాస్ ఏ మేరకు అక్కరకొస్తుంది?

పరిశ్రమ కోసమో, గని కోసమో, విమానాశ్రయం కోసమో తమ సాగుభూములు పోబోతున్నాయని తెలిసి ఊరివాళ్లు కమిటీగా ఏర్పడిన తొలిరోజుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మనకంటే ముందు ఇలాంటిది ఎదురైనవాళ్లు ఏం చేశారు, చేసినదానికి ఫలితం ఏమొచ్చింది? దీనికి మామూలుగా దొరికే జవాబు పాత పత్రికా కథనాలు, ఆ నోటా ఈ నోటా విన్న సంగతులు. అంతకంటే పద్ధతిగా, ఉచితంగా సమాచారం అందించే సేవల్లో చెప్పుకోదగ్గది ఎన్విరాన్‌మెంటల్ జస్టిస్ అట్లాస్. పొట్టిగా ఈజే అట్లాస్ అంటారు. దీని గురించి విశ్వవిద్యాలయాల వాళ్లు తమలో తాము రాసుకున్న వ్యాసాలకు కొదవ లేదు. నేను భూపరిరక్షణ కమిటీలకు కాగితాలు సిద్ధం చేసిపెట్టే పనిలో దీన్ని వాడుతున్నాను కాబట్టి, రేపు అధికారులకు అభ్యంతర పత్రం రాయవలసిన కమిటీ కార్యదర్శికి ఇది ఏమిస్తుంది, ఏమివ్వలేదు అన్న కోణంలోనే ఈ సమీక్ష సాగుతుంది.

ముందుగా దీని పుట్టుపూర్వోత్తరాలు. స్పెయిన్‌లోని బార్సిలోనా అటానమస్ విశ్వవిద్యాలయానికి చెందిన పర్యావరణ పరిశోధనా సంస్థ దీన్ని నడుపుతోంది. యూరోపియన్ కమిషన్ నిధులతో 2011లో మొదలైన ఒక పరిశోధనా ప్రాజెక్టు నుంచి పుట్టి, 2014 మార్చిలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆర్థికవేత్త జోవాన్ మార్టినెజ్ ఆలియెర్, పరిశోధకురాలు లియా టెంపర్ దీన్ని రూపొందించినవారిలో ముఖ్యులు; ఆలియెర్‌కు 2023లో మానవీయ, సామాజిక శాస్త్రాల్లో ఇచ్చే హోల్బర్గ్ బహుమతి లభించింది. ప్రపంచ పటం మీద రంగురంగుల చుక్కలుగా ఇప్పుడు 4,000కు పైగా వివాదాలు ఇందులో కనిపిస్తాయి. చుక్క మీద నొక్కితే ఆ వివాదానికి సంబంధించిన వివరపత్రం తెరుచుకుంటుంది. చూడటానికి డబ్బు కట్టనక్కర లేదు, పేరు నమోదు చేసుకోనక్కర లేదు.

పటం ఆకర్షణీయంగా ఉంటుంది కానీ కమిటీకి దానితో పని తక్కువ. అసలు సరుకంతా వివరపత్రంలో ఉంది. దాని నిర్మాణాన్ని కొంచెం నిదానంగా చూడవలసిందే. మొదట వివాదం కథ క్లుప్తంగా ఉంటుంది. ఆ తర్వాత ప్రాజెక్టు విస్తీర్ణం, పెట్టుబడి, వివాదం మొదలైన తేదీ, ముగిసిన తేదీ, కంపెనీల పేర్లు, సంబంధిత ప్రభుత్వ శాఖలు, అప్పు ఇచ్చిన ఆర్థిక సంస్థలు, ప్రజల పక్షాన నిలిచిన సంఘాలు వరుసగా వస్తాయి. ఇంకా కిందికి వెళితే ఎవరెవరు కదిలారు, ఏ దశలో కదిలారు, ఏయే పద్ధతుల్లో పోరాడారు అన్న గడులు ఉంటాయి. నష్టాలను చూపేటప్పుడు ఇప్పటికే కళ్లకు కనిపిస్తున్నవి వేరుగా, జరగవచ్చునని భయపడుతున్నవి వేరుగా చూపిస్తారు. ఈ ఒక్క విభజన వల్లనే అభ్యంతర పత్రాల నాణ్యత ఎంతో మెరుగుపడుతుంది. ఇంకా తవ్వని గనికి నీళ్లు ఎండిపోయాయని రాసిన అర్జీని అధికారి ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తాడు. ఎండిపోయే ప్రమాదం ఎందుకుందో లెక్కతో రాసిన అర్జీకి జవాబు చెప్పవలసి వస్తుంది.

తెలుగువారికి బాగా గుర్తున్న సోంపేటనే తీసుకుంటే ఈ గడుల ఉపయోగం తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో బీల అని పిలిచే చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు రైతులు, మత్స్యకారులు ఒక్కటై ఎదిరించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. పత్రికలు చదివినవారి జ్ఞాపకంలో మిగిలింది కాల్పుల దృశ్యం. అదే పోరాటాన్ని గడులుగా విడదీసి చూస్తే మరో రెండు సంగతులు ముందుకొస్తాయి: భూమి ఉన్నవాడూ, నీటి మీద బతికేవాడూ మొదటినుంచీ ఒకే శిబిరంలో కూర్చోవడం, నీళ్లు నిలిచే నేలను పనికిరాని భూమిగా చూపిన కాగితాన్ని అప్పీలులో సవాలు చేయడం. కాల్పులను ఏ కమిటీ కోరుకోదు. ఆ రెండు సంగతులు మాత్రం ఏ కమిటీ అయినా మొదటి సమావేశంలోనే చర్చకు పెట్టుకోవచ్చు.

నా దృష్టిలో వివరపత్రం మొత్తంలో విలువైన గడి, చాలామంది చూడకుండా దాటిపోయే గడి, జనం ఏ దశలో కదిలారన్నది. ప్రాజెక్టు ఇంకా ప్రతిపాదనగా ఉండగానే అడ్డుకోవడానికి కదిలారా, పనులు మొదలయ్యాక కదిలారా, నష్టం జరిగాక పరిహారం కోసం కదిలారా అని మూడు అంచెలుగా అది చెబుతుంది. అట్లాస్‌లో పోగైన 2,743 వివాదాలను పరిశీలించి ఆర్నిమ్ షైడెల్, ఆయన సహచరులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రజల కదలిక వల్ల ప్రాజెక్టు ఆగిన సందర్భాలు మొత్తం మీద 11 శాతమే అని అందులో తేలింది. ముందస్తుగా కదలడం, పోరాట పద్ధతుల్లో వైవిధ్యం ఉండటం, కోర్టుకు వెళ్లడం అనే మూడూ కలిసినచోట ఆ వాటా 27 శాతం వరకు పెరిగింది. నూటికి ఇరవై ఏడంటే తక్కువే కదా అని నిట్టూర్చేవారు ఉంటారు. పదకొండుతో పోల్చి చూడమని వారికి నా మనవి. అయితే ఒక జాగ్రత్త: ఇవి అట్లాస్‌లోకి ఎక్కిన వివాదాల లెక్కలు మాత్రమే. ఎవరి కంటా పడకుండా మొదట్లోనే చల్లారిన వివాదాలు, ఎవరూ రాయని ఓటములు ఈ పట్టికలో ఉండవు కాబట్టి మీ ఊరి గెలుపు అవకాశాన్ని ఈ శాతాలతో కొలవలేం. ఎప్పుడు కదలాలో నిర్ణయించుకోవడానికి మాత్రం ఇవి చాలు.

ముందస్తుగా కదలడమంటే ఎంత ముందుగా? కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మెలాంక్తన్ అనే వ్యవసాయ ప్రాంతం ఈ ప్రశ్నకు మంచి జవాబు. బంగాళాదుంపలు పండే మేలైన నేల అది. ఒక సంస్థ 2006 నుంచి అక్కడ పొలాలు వరుసగా కొంటూ పోయింది. ఆ పొలాల్లో బంగాళాదుంపలే పండిస్తూ వచ్చింది కాబట్టి అది పెద్ద వ్యవసాయ కంపెనీయే అనుకున్నారు. అనుమానం బలపడిన స్థానికులు 2009లోనే ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2,316 ఎకరాల్లో సున్నపురాయి క్వారీకి సంస్థ దరఖాస్తు చేసింది 2011 మార్చిలో. భూగర్భ జలమట్టం కంటే కిందికి తవ్వే ఆ క్వారీలో రోజుకు 60 కోట్ల లీటర్ల నీటిని తోడి నిర్వహించవలసి ఉంటుందని దరఖాస్తు పత్రాలే చెప్పాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి చట్టం ఇచ్చే గడువు స్వల్పమే అయినా, దరఖాస్తు బయటపడే నాటికే సంఘం చేతిలో సభ్యుల జాబితా, న్యాయసలహా ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం క్వారీని సమగ్ర పర్యావరణ మదింపు పరిధిలోకి తెచ్చింది. అక్టోబరులో పేరున్న వంటనిపుణులు ఆ పొలాల్లోనే పెద్ద ఎత్తున వంటలు చేసి పెడితే నగరాల నుంచి వేలాదిమంది వానలో తడుస్తూ వచ్చారు. 2012 నవంబరులో సంస్థ దరఖాస్తును వెనక్కి తీసుకుంది.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది 2009కీ 2011కీ మధ్య ఉన్న ఖాళీ. దరఖాస్తు పడకముందే ఉన్న సంఘం అది. భూమి కొనుగోళ్ల తీరును గమనించడమే దానికి ఆధారం. అట్లాస్‌లో ఇలాంటి వివాదాలను ఏరుకోవాలంటే వివాదం మొదలైన తేదీని, కథలో రాసిన అనుమతుల తేదీలను పక్కపక్కన పెట్టి మనమే చూసుకోవాలి. ఆ పోలికను అట్లాస్ తనంతట తాను చేసి చూపదు. ఈ సేవలో నాకున్న పెద్ద అసంతృప్తి ఇదే. పోరాట పద్ధతుల గడిలో సంతకాల సేకరణ, ఊరేగింపు, రహదారి దిగ్బంధం, నిరాహార దీక్ష, పర్యావరణ నివేదికపై అభ్యంతరాలు, కోర్టు కేసు, పరిహారం నిరాకరణ, స్థానిక ప్రజాభిప్రాయ ఓటింగ్, వాటాదారుల మీద ఒత్తిడి, ప్రత్యామ్నాయ నివేదిక తయారీ వంటివన్నీ పేర్కొంటారు. కానీ అవి ఏ వరుసలో జరిగాయో, దేని తర్వాత ఏది ఫలించిందో ఆ గడి చెప్పదు. దినుసులన్నీ రాసి, ఏది ముందు వేయాలో చెప్పని వంట కాగితం లాంటిదది. రహదారి దిగ్బంధం తర్వాత కోర్టుకు వెళ్లడం వేరు, కోర్టులో స్టే వచ్చాక రహదారి మీద కూర్చోవడం వేరు. మొదటిది చాలాసార్లు క్రిమినల్ కేసులతో మొదలై, భూమి సంగతి పక్కకుపోయి బెయిళ్ల సంగతి ముందుకొస్తుంది.

ఆ వరుసను కథలోనుంచి పీకి రాసుకునే ఓపిక ఉన్నవారికి మాత్రం దొరికేది తక్కువేమీ కాదు. ఫ్రాన్స్‌లో నాంత్ నగరం దగ్గర నోత్ర్ దామ్ దె లాంద్ అనే చోట 1,650 హెక్టార్లలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా అక్కడి రైతులు 1972లోనే సంఘం పెట్టుకున్నారు. 2000 తర్వాత ప్రతిపాదన మళ్లీ ఊపందుకున్నప్పుడు రైతులకు ఊరివాళ్ల సంఘం, ఆ తర్వాత ఖాళీ ఇళ్లలో, పొలాల్లో కాపురం పెట్టిన బయటి యువకులు తోడయ్యారు. 2012 అక్టోబరులో పోలీసులు ఇళ్లు కూల్చి ఖాళీ చేయిస్తే, నవంబరులో వేలాదిమంది తిరిగివచ్చి కొత్తగా కట్టుకున్నారు. ప్రకృతి శాస్త్రం తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తలు పొలం గట్లు, గుంటలు తిరిగి అక్కడి జీవజాతుల జాబితాను తామే తయారుచేశారు. అధికారిక నివేదిక వదిలేసినవి అందులో చేరాయి. 2016 జూన్‌లో జరిగిన స్థానిక ఓటింగ్‌లో విమానాశ్రయానికి అనుకూలంగా సుమారు 55 శాతం ఓట్లు వచ్చాయి. అయినా 2018 జనవరి 17న ప్రభుత్వం ప్రాజెక్టును విరమించుకుంది. ఓటింగ్‌లో ఓడినా గెలిచిన ఈ ఉదంతాన్ని ఏ ఒక్క పద్ధతి ఖాతాలోనూ వేయలేం. గడిలో టిక్కు పెట్టి వదిలేస్తే దీని అర్థం పూర్తిగా జారిపోతుంది.

వెతకడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు తడబడేది ఇక్కడే. అట్లాస్ వివాదాలను పది తరగతులుగా విభజించింది: అణుశక్తి, గనులు, వ్యర్థాలు, భూమి–అడవి–చేపలు, ఇంధనాలు, నీరు, మౌలిక సదుపాయాలు, పర్యాటకం, జీవవైవిధ్య పరిరక్షణ, పరిశ్రమలు. రైతు కాబట్టి భూమి తరగతిలోకి వెళ్లి వెతుకుతాడు. కానీ విభజన అంతా రాబోయే ప్రాజెక్టును బట్టి జరిగింది. పోయే వస్తువును బట్టి జరగలేదు. అందువల్ల విమానాశ్రయానికి పోయే పొలం మౌలిక సదుపాయాల్లో, బొగ్గుకు పోయే పొలం ఇంధనాల్లో, కార్ల ఫ్యాక్టరీకి పోయే పొలం పరిశ్రమల్లో ఉంటాయి. సాగుభూమిని కాపాడుకున్న ఊళ్లన్నీ ఒక్కచోట కనిపించవు. వస్తువు పేరుతో వెతికే వడపోతలో భూమిని ఎంచుకుంటే కొంత మేలు. అంతకంటే మంచి దారి మీకు ఎదురైన కంపెనీ పేరుతో వెతకడం. అదే కంపెనీ మరో దేశంలో, మరో జిల్లాలో ఏ మాట ఇచ్చింది, ఏ మాట తప్పింది అన్నది ఒక్క కాగితం మీదికి వస్తే ప్రజాభిప్రాయ సేకరణ సభలో దానికున్న బలం వేరు.

ఇక ఫలితాల సంగతి. ఈ వివాదంలో పర్యావరణ న్యాయం జరిగిందని భావిస్తున్నారా అనే ప్రశ్నకు అవును, కాదు, చెప్పలేం అనే మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకొని, కింద కారణం రాయాలని వివరపత్రం అడుగుతుంది. ఆ జవాబు, పత్రం రాసిన మనిషి అభిప్రాయం మాత్రమే. దాన్ని తీర్పుగా తీసుకోకూడదు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో 2006లో కార్ల ఫ్యాక్టరీకి 997 ఎకరాలు సేకరించారు. ఆందోళనల తర్వాత 2008లో కంపెనీ వెళ్లిపోయింది. ఆ భూసేకరణ చెల్లదని, భూమిని రైతులకు తిరిగి ఇచ్చేయాలని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయపరంగా చూస్తే ఇంతకు మించిన గెలుపు ఉండదు. అయితే పదేళ్లలో ఆ నేల మీద షెడ్లు లేచాయి, కాంక్రీటు పునాదులు దిగాయి, గట్లు చెరిగిపోయాయి. భూమి చేతికొచ్చాక కూడా చాలా ముక్కల్లో నాగలి దిగలేదు. దీన్ని అవును అనే గడిలో వేయాలా, కాదు అనే గడిలోనా? ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం, లివర్‌పూల్ మైదానాల్లోని నల్లరేగడి పక్కన రావలసిన బొగ్గు గని నుంచి కంపెనీ తప్పుకోవడానికి 2021లో 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించింది. రైతుల నేల నిలిచింది, బిల్లు ప్రజల మీద పడింది. ఇలాంటి గెలుపుల ధర తెలుసుకోవాలనుకునేవారు మూడు ముక్కల జవాబును వదిలి, దాని కింద రాసిన వివరణనే చదవాలి. ఆ వివరణ రెండు వాక్యాలతో సరిపెట్టిన చోట ఆ పత్రాన్ని పక్కన పెట్టేయడం మంచిది.

ఓడిన ఊళ్ల పత్రాలను ఎక్కువగా చదవమని కూడా నేను కమిటీలకు చెబుతూ ఉంటాను. గెలిచిన కథలో ప్రతి అడుగూ సరైనదిగానే కనిపిస్తుంది. ఓడిన కథలో ఊరు ఎక్కడ రెండుగా చీలిందో తెలుస్తుంది. అట్లాస్ ఈ చీలికల దగ్గరే కొంచెం మొహమాటపడుతుంది, దానికి కారణం స్పష్టమే: ఎవరు కదిలారన్న గడి ఉంది, ఎవరు కదలలేదన్న గడి లేదు. రైతులు, భూమిలేని కూలీలు, పశుపోషకులు, మహిళలు, శాస్త్రవేత్తలు అని కదిలినవారిని పేర్కొంటారు. మంచి ధర వస్తే అమ్ముకుందాం అనుకున్నవారు, పట్నంలో ఉంటూ పొలం కౌలుకిచ్చినవారు, ఫ్యాక్టరీలో పిల్లలకు ఉద్యోగం వస్తుందని ఆశపడినవారు ఆ పత్రంలో అరుదుగా కనిపిస్తారు. నిజమైన కమిటీ పని సగం వాళ్లతోనే. ఒక సమావేశంలో ఇలాంటి పత్రాన్ని తెలుగులో చదివి వినిపిస్తుండగా వెనక వరుసలో కూర్చున్న ఒక కౌలు రైతు, ‘గెలిచినాక కౌలోళ్లకేమొచ్చిందో అందులో రాశారా అన్నా?’ అని అడిగాడు. రాయలేదు. చదువుతున్న కుర్రాడు కాగితం చివరిదాకా వేలుతో వెతికి, లేదని తల ఊపాడు. ఆ తర్వాత ఆ సమావేశంలో చర్చంతా కౌలుదారుల పేర్లు అభ్యంతర పత్రంలో ఎలా చేర్చాలన్నదాని మీదే సాగింది. పత్రం ఇవ్వని జవాబు కూడా అలా ఒక్కోసారి పనికొస్తుంది.

లార్జాక్ ప్రస్తావన లేకుండా ఈ చీలికల విషయం ముగించలేను, అది పరిశ్రమకు వ్యతిరేకంగా జరిగింది కాకపోయినా. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆ పీఠభూమిలో సైనిక శిబిరాన్ని 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామని 1971లో ప్రకటించారు. భూమి పోయే రైతుల్లో 103 మంది మరుసటి ఏడాది ఎట్టి పరిస్థితుల్లోనూ అమ్మబోమని ప్రమాణపత్రం మీద సంతకాలు చేశారు. విడివిడిగా వచ్చే బేరాలకు అదే అడ్డుకట్ట అయింది. తర్వాత దేశం నలుమూలలా ఉన్న మద్దతుదారులు ఉమ్మడి సంస్థల ద్వారా చిన్న చిన్న వాటాలుగా అక్కడి భూమి కొన్నారు. సేకరణకు రావలసిన ప్రభుత్వానికి వేలాది యజమానులు ఎదురయ్యారు. 1981లో ఫ్రాంస్వా మిత్తెరాన్ అధ్యక్షుడయ్యాక విస్తరణను రద్దు చేశారు. ఆ వాటాల ఏర్పాటు ఫ్రాన్స్ చట్టాల్లో ఇమిడినట్టు మన భూచట్టాల్లో ఇమడదు, దాన్ని యథాతథంగా తేవాలని ఎవరూ అనుకోకూడదు. ప్రమాణపత్రానికి మాత్రం ఏ దేశపు చట్టమూ అడ్డురాదు.

వివరాలు ఎంతవరకు నమ్మదగినవి? వివాదాలను రాసి పంపేది పరిశోధకులు, విద్యార్థులు, కార్యకర్తలు. ప్రచురించే ముందు అట్లాస్ సంపాదక బృందం సరిచూస్తుంది. ఆధారాలుగా తీర్పులు, నివేదికలు, పత్రికా కథనాల లింకులు పత్రం చివర ఇస్తారు. ప్రజల పక్షం నుంచి రాసినవన్న సంగతిని ఈ సేవ దాచిపెట్టదు, నేనది లోపంగా ఎంచను. అభ్యంతర పత్రంలో వాడుకునేటప్పుడు మాత్రం అట్లాస్‌ను ఆధారంగా చూపడం దండగ. అట్లాస్ చూపిన తీర్పునో, ప్రభుత్వ ఉత్తర్వునో తెప్పించుకొని దాన్నే జతచేయాలి. కంపెనీ తరఫు వకీలు మొదట పట్టుకునేది ఇలాంటి వదులుగా ఉన్న ముడినే. ప్రతి పత్రంలోనూ చివరిసారి సవరించిన తేదీ ఉంటుంది. అది చూడకుండా లోపలి విషయాన్ని వాడకూడదు, ఎందుకంటే ఆగిపోయిందని రాసిన ప్రాజెక్టు ఆ తర్వాత పేరు మార్చుకొని మళ్లీ వచ్చి ఉండవచ్చు.

భాష పెద్ద అడ్డంకి. పత్రాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషులో ఉంటాయి, కొన్ని స్పానిష్, ఫ్రెంచి వంటి భాషల్లోనూ దొరుకుతాయి. తెలుగు లేదు. యంత్రానువాదంతో కథాభాగం అర్థమవుతుంది కానీ చట్టపు మాటలు అడ్డదిడ్డంగా వస్తాయి. పటం ఫోన్‌లో తెరవడం కంటే కంప్యూటరులో తెరవడం నయం. వివరపత్రం పొడవుగా ఉంటుంది కాబట్టి కమిటీకి ఇచ్చేటప్పుడు దాన్ని మొత్తంగా ముద్రించి పంచడం కంటే, తేదీలు, ఎవరు కదిలారు, ఏ పద్ధతులు, ఫలితం, వివరణ అనే అయిదింటిని తెలుగులో ఒకే పేజీకి కుదించి ఇవ్వడం మేలు. నేను ఇచ్చేది అలాగే.

దీనితో పాటు చూడదగ్గ మరో సేవ ల్యాండ్ మ్యాట్రిక్స్. 2012లో మొదలైన ఈ ఉచిత పట్టిక, తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో 2000 నుంచి జరిగిన 200 హెక్టార్లకు తగ్గని భూ ఒప్పందాలను నమోదు చేస్తుంది. ప్రతిపాదన దశలో ఉన్నవి, కుదిరినవి, విఫలమైనవి అని వేరుచేసి చూపడం దాని ప్రత్యేకత. పోరాటం గురించి అది చెప్పేది తక్కువ, కొన్నవాడి గురించి చెప్పేది ఎక్కువ. పెట్టుబడిదారు ఏ దేశంవాడు, అడిగిన భూమి ఎంత, నిజంగా సాగులోకో వాడకంలోకో తెచ్చింది ఎంత అన్న వివరాలు కమిటీకి గట్టి ఆయుధాలు. అడిగిన దానిలో వాడింది కొంతే అని తేలితే, ఇక్కడ ఇన్ని వేల ఎకరాలు ఎందుకని నిలదీయవచ్చు. రెండింటిలో ఒకటే చూసే తీరిక ఉంటే, ఎదురుగా ఉన్నది పెద్ద కంపెనీ అయి ఒప్పందం ఇంకా సంతకం కాకపోతే ముందు ల్యాండ్ మ్యాట్రిక్స్ చూడండి. సేకరణ ప్రకటన వచ్చేసి ఉంటే నేరుగా అట్లాస్‌కే వెళ్లండి.

మీ ఊరి వివాదాన్ని అట్లాస్‌కు ఎక్కించాలా అన్నది ఆఖరి ప్రశ్న. ఎవరైనా పేరు నమోదు చేసుకొని ఫారం నింపి పంపవచ్చు. బయటి పరిశోధకులు, పత్రికలవారు ఊరిని వెతుక్కుంటూ వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ పైన చెప్పిన 2020 అధ్యయనంలోనే మరో వైపు ఉంది: ఆ వివాదాల్లో 20 శాతంలో కదిలినవారి మీద నేరారోపణలు, 18 శాతంలో భౌతిక దాడులు, 13 శాతంలో హత్యలు జరిగాయి, ఆదివాసులు ఉన్నచోట ఇవి ఇంకా ఎక్కువ. అందువల్ల ఫారంలో సంఘం పేరు రాయండి, మనుషుల పేర్లు రాయకండి. స్థలాన్ని ఎంత కచ్చితంగా గుర్తించాలో ఎంచుకునే వీలుంది కాబట్టి మండలం స్థాయి దగ్గర ఆగండి, శిబిరం ఉన్న తోటను చూపించకండి. కోర్టులో నడుస్తున్న కేసు గురించి వకీలును అడగకుండా ఒక్క వాక్యం కూడా చేర్చకండి. పత్రాన్ని సవరించే బాధ్యతను పంపేముందే కమిటీలో ఒకరికి అప్పగించి, ఆ సంగతి తీర్మానాల పుస్తకంలో రాసి పెట్టుకోండి.